ఇచ్చు చేతి సంతోషము

గడచిన కోతపండుగ మరునాడు వేదపాఠపు గంటలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి నిలువబడి నన్నొక ప్రశ్న యడిగెను. "నిన్న మా నాయన చర్చిలో మా ఎఱ్ఱ కోడిపుంజును ఇచ్చినాడు సార్. దాని కాళ్లు కట్టేటప్పుడు నాకు ఏడ్పు వచ్చింది. సంతోషంగా ఇయ్యాలని పాస్టరుగారు చెప్పినారు. రాని సంతోషం ఎట్ల తెచ్చుకోవాలె సార్?"

తరగతిలోని పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఇరువది సంవత్సరములుగా ఉపాధ్యాయుడనై, లెక్కలేనన్ని మారులు ఈ విషయమును బోధించిన నాకు, ఆ చిన్నవానికి వెంటనే చెప్పదగిన ప్రత్యుత్తరము దొరకలేదు. ఇంతలో గంట కొట్టినందున ఆ దినము తప్పించుకొంటిని. ప్రియ విద్యార్థులారా, తలిదండ్రులారా, ఈ వ్యాసము నేనా బాలునికి బాకీపడిన జవాబు. జవాబు అతనిది గనుక చదువు హక్కు మీకందరికిని కలదు.

చెరువు నేర్పు పాఠము

గణితశాస్త్రము ప్రకారము పదిలోనుండి రెండు తీసివేసినచో ఎనిమిది మిగులును. ఇచ్చినవానికి తరుగును, పుచ్చుకొన్నవానికి పెరుగును. తరిగినవాడు దుఃఖింపవలసినది, పెరిగినవాడు సంతోషింపవలసినది. అయితే ప్రభువైన యేసు ఈ లెక్కను తలక్రిందులు చేసి, పుచ్చుకొనుటకంటె ఇచ్చుటయే ఎక్కువ ధన్యకరమైనదని సెలవిచ్చెను. ఈ మాట నాలుగు సువార్తలలోను లేదు. అపొస్తలుడైన పౌలు ఎఫెసు సంఘపు పెద్దలకు వీడ్కోలు చెప్పుచు దీనిని వారికి జ్ఞాపకము చేసినట్లు అపొస్తలుల కార్యముల గ్రంథము ఇరువదవ అధ్యాయమున వ్రాయబడియున్నది.

ఈ సంగతి గ్రహించుటకు మనము దూరము పోనక్కరలేదు. మన మడికొండ ఓరుగల్లు సీమలోనిది. ఈ సీమ చెరువుల సీమ. చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో నొకటిగా మన పెద్దలు ఎంచిరి. కాకతీయుల కాలమువారు ఒక్కొక్క చెరువును విడిగా గాక, గొలుసువలె ఒకదాని క్రింద నొకటిగా నిర్మించిరి. పై చెరువు నిండి అలుగు పారినప్పుడు ఆ నీరు వాగుదారిని క్రింది చెరువును చేరును. అది నిండి మరియొకదానిని నింపును. ప్రతి చెరువునకును రెండు ద్వారములు కలవు. తూము తన ఆయకట్టు పొలములకు నీరిచ్చును. అలుగు క్రింది చెరువునకు ఇచ్చును.

అలుగు ఎందులకు? క్రిందివారిని పోషించుటకు మాత్రమే కాదు. అలుగు లేని చెరువు పెద్దవాన కురిసినప్పుడు తన నీటి బరువును తానే మోయలేక కట్ట తెగి గండిపడును. అప్పుడు తన పొలమును ముంచును, క్రింది పొలమును ముంచును, తుదకు తానును ఎండిపోవును. కావున అలుగు చెరువునకు నష్టము కాదు, రక్ష. మనుష్యుని హృదయమును ఇట్టిదే. వచ్చినదంతయు నిలువజేసికొన్నవాడు దానికి యజమానుడనని తలంచును గాని, నిజమునకు దాని కావలివాడగును. రాత్రి నిద్ర యుండదు, బంధువు వచ్చినను అనుమానమే. చేయి విప్పినవానికి మొదట కలుగు సంతోషము ఈ భయమునుండి విడుదల.

అయినను ఈ ఉపమానము సంపూర్ణము కాదు. చెరువు నిండిన తరువాతనే అలుగు పారును. నిండనివాని మాట యేమి? ఎఱ్ఱ కోడిపుంజు తప్ప మరియొకటి లేని యింటివాని మాట యేమి?

లేమిలోనుండి ఇచ్చినవారు

పరిశుద్ధ గ్రంథము దానమును గూర్చి చెప్పునప్పుడు ధనవంతులను అంతగా పొగడకపోవుట గమనింపదగినది. యెరూషలేము దేవాలయపు కానుకపెట్టె యెదుట ప్రభువు కూర్చుండి చూచుచుండగా ధనవంతులు విస్తారముగా వేసిరి. బీద విధవరాలొకతె రెండు కాసులు మాత్రమే వేసెను. ఆమె అందరికంటె ఎక్కువ వేసినదని ప్రభువు తీర్పు చెప్పెను. ఇచ్చినది ఎంతయని గాక, ఇచ్చిన పిమ్మట ఏమి మిగిలినదని ఆయన చూచెను. ఇది పరలోకపు లెక్క.

పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఎనిమిది, తొమ్మిది అధ్యాయములు పూర్తిగా ఈ విషయమును గూర్చినవే. యెరూషలేములోని బీద విశ్వాసుల కొరకు అన్యదేశ సంఘములలో చందా కూడబెట్టుచున్న కాలమది. మాసిదోనియ సంఘములవారు స్వయముగా నిరుపేదలు, శ్రమలలో నున్నవారు. పౌలు వారిని బలవంతపెట్టలేదు సరిగదా, ఈ సహాయములో మాకును పాలు దయచేయుడని వారే ఆయనను బతిమాలుకొనిరి. ఇచ్చుటను భారముగా గాక భాగ్యముగా నెంచిరి. పౌలు అచ్చట సంతోషముతో ఇచ్చువానిని వర్ణించుటకు వాడిన గ్రీకు పదము ముఖము వికసించిన స్థితిని సూచించును. ఆ వికాసమునకు కారణమును ఆయనయే తెలుపుచున్నాడు. క్రీస్తు ధనవంతుడై యుండియు మన నిమిత్తము దరిద్రుడాయెను. ఆ కృపను రుచిచూచినవారు తమ చేతిలోనిది తమదని పట్టుకొని యుండలేరు. ముందుగా వారు తమ్మును తామే ప్రభువునకు అప్పగించుకొనిరి. తరువాత వచ్చిన రూపాయి దాని వెంట నడచివచ్చినదే.

కావున క్రైస్తవ దానము పుణ్యము కొనుటకు చెల్లించు వెల కాదు. ఇదివరకే పొందిన దానికి కృతజ్ఞత. వెల చెల్లించువాడు తక్కువకు బేరమాడును. కృతజ్ఞుడు బేరమాడడు.

డోర్నకలులో జరిగిన సంగతి

మనకు సమీపముననే, కాజీపేటనుండి బెజవాడకు పోవు రైలుదారిలో, డోర్నకలు కలదు. నేడది మహబూబాబాదు జిల్లాలోనిది. ఈ విషయమున ఆ ఊరి చరిత్ర మన పిల్లలు తెలిసికొనవలసినది.

వేదనాయకం శామ్యూలు అజరయ్యగారు 1874వ సంవత్సరమున తిరునెల్వేలి ప్రాంతమున వెళ్లాలన్‌విళై గ్రామములో జన్మించిరి. ఆయన తండ్రి గ్రామ పాదిరి. 1902వ సంవత్సరమున ఆయన యాళ్పాణమునకు, అనగా జాఫ్నాకు, పోయినప్పుడు అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత ద్రవ్యముతో సువార్తికులను ఇతర స్థలములకు పంపుచుండుట కన్నులార చూచిరి. అది ఆయన మనస్సును పొడిచెను. అంతవరకు హిందూదేశ క్రైస్తవులు విదేశములనుండి వచ్చు మిషనరీలను, విదేశములనుండి వచ్చు ద్రవ్యమును ఎదురుచూచుటకే అలవాటుపడి యుండిరి. మనము ఎప్పటికిని పుచ్చుకొనువారమేనా యని ఆయన ప్రశ్నించుకొనిరి. మరుసటి సంవత్సరము, 1903లో, తిన్నవెల్లి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపింపబడెను. మనుష్యులును, ద్రవ్యమును, నిర్వాహమును హిందూదేశపువే కావలెనని దాని నియమము. ఆ సంఘము 1904లో తన మొదటి మిషనరీని పంపినది మరెక్కడికో కాదు, నైజాము రాజ్యములోని మన మానుకోట ప్రాంతమునకే. తిన్నవెల్లి పల్లెల సామాన్యులు ఎన్నడును చూడని తెలుగువారి కొరకు, తమ భాష కాని భాష మాటలాడువారి కొరకు, ఆ మొదటి కానుకల నిచ్చిరి.

1909లో అజరయ్యగారు తామే డోర్నకలు వచ్చి తెలుగు నేర్చుకొనిరి. 1912వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషపుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. 1945 జనవరి 1వ తేదీన డోర్నకలులోనే పరమపదించిరి.

ఆయన సంఘములలోనివారు చాలవరకు అంటరానివారని ఊరి వెలుపలకు త్రోయబడిన పాలేరులు, కూలివాండ్రు. అట్టివారిని కానుక యడుగుట క్రూరము కాదా యని తోచును. కాని ఆయన క్రైస్తవ దానమును గూర్చి ఒక గ్రంథమే వ్రాసి, బీదవారికిని ఇచ్చుట నేర్పవలెనని పట్టుబట్టిరి. ఎందులకు? ఆ కాలపు తెలంగాణమును తలంచుకొనినచో తెలియును. వెట్టిచాకిరి నడచిన దినములవి. కూలివాని పనిని, అతని యింటి కోడిని, అతని బండిని, అతని భార్య శ్రమను దొరలును అధికారులును తీసికొనిపోవుచుండిరి. అతని యింటినుండి పోయినది చాల ఉన్నది గాని, అతడు ఇచ్చినది ఏమియు లేదు. పట్టుకొనిపోవుట వేరు, ఇచ్చుట వేరు. అట్టి మనుష్యుడు ఒకనాడు ఎవరి బలవంతమును లేక, తన యిష్టముతో, తన కోడిని తన చేతులతో తెచ్చి దేవుని బల్లయొద్ద పెట్టినప్పుడు, అది అతని జీవితములో మొదటి స్వతంత్ర కార్యము. ఇచ్చుటకు నాకు హక్కున్నదని తెలిసికొన్నవాడు దాసుడుగా నుండజాలడు.

తెలుగు గ్రామ సంఘములలో స్త్రీలు పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు వండవలసిన బియ్యములోనుండి పిడికెడు తీసి వేరు కుండలో వేయు అలవాటును, కోతపండుగనాడు తొలిపంటను తెచ్చు అలవాటును ఈ భావముతోనే వ్యాపించినవి. డోర్నకలులో 1939వ సంవత్సరము జనవరి 6వ తేదీన ప్రతిష్ఠింపబడిన ప్రధాన దేవాలయమును చూడబోవు విద్యార్థులు, దాని స్తంభములను మాత్రమే గాక, ఆ పిడికెడు బియ్యములను కూడ తలంచుకొందురు గాక.

నేను చేసిన తప్పు

ఇచ్చట నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. శిక్షణ కళాశాలనుండి క్రొత్తగా వచ్చిన దినములలో నేనొక పల్లె సంఘములో కానుకల లెక్క వ్రాయుచుంటిని. పత్తి ఏరు కూలికి పోవు విధవరాలొకతె కొంగుముడి విప్పి ఇరువది రూపాయలు నా యెదుట పెట్టినది. ఆమె యింట జ్వరముతో నున్న మనుమరాలు ఉన్నదని నాకు తెలియును. దయ చూపుచున్నానని తలంచి, "అమ్మా, నీకెందుకు? ఇది పిల్ల మందులకు ఉంచుకో" అని ఆ నోటు వెనుకకు త్రోసితిని.

ఆమె ముఖము వాడిపోయెను. "మందులు తెచ్చిన సారూ. ఎప్పటికి తీసుకునుడేనా? నా చెయ్యి ఒక్కపారన్న మీద ఉండొద్దా?" అని మెల్లగా అనెను.

నాకు చెంపపెట్టువలె తగిలినది. మిషను వారిచ్చు చీరలు, ఎవరో యిచ్చు బియ్యము, వైద్యశాలలో ఉచితపు మందు, వీటినన్నిటిని ఆమె క్రింది చేతితో పుచ్చుకొనుచు వచ్చినది. సంవత్సరమునకు ఒక్క దినము ఆమె చేయి మీదికి వచ్చినది. ఆ దినమున నేను దానిని క్రిందికి దింపితిని. బీదవాని ఆకలిని తీర్చుట ధర్మమే. అయితే బీదవానికి ఇచ్చు ఆనందము అక్కరలేదనుట అతనిని సగము మనుష్యునిగా చూచుట. నేను ఆ నోటును రెండు చేతులతో పుచ్చుకొని పుస్తకమున వ్రాసితిని. అటు తరువాత ఆమె నవ్వినది. ఆ నవ్వు వంటిదే పౌలు చెప్పిన సంతోషమని నా నమ్మకము.

ఎదుటివాని గౌరవము నిలుపు దానము

ఇచ్చువాడు సంతోషించుచుండగా పుచ్చుకొనువాడు తల వంచుకొనవలసి వచ్చినచో ఆ దానములో లోపమున్నది. మన తెలుగు సంఘ చరిత్రలో దీనిని ఎరిగినవారు కలరు. 1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమంతట ఘోరమైన కరవు కలిగినప్పుడు ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిలో సుమారు 3 మైళ్ల భాగమును కంట్రాక్టు పుచ్చుకొని, ఆకలిగొన్న వేలమందికి పనియు కూలియు కల్పించిరి. బిచ్చము పెట్టక పని చూపిరి. అంతేకాదు, ఆ కాలమున బాప్తిస్మము కోరివచ్చినవారిని నెలల తరబడి ఆపియుంచిరి. అన్నము కొరకు మతము పుచ్చుకొన్నారను మాట వారికి రాకూడదని ఆయన ఉద్దేశము. సహాయపు పని ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ మిషనువారే 1879లో మన హనుమకొండకు వచ్చిరి. అటులనే మెదకులో 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన గొప్ప దేవాలయమును పాస్నెట్ దొరగారు కరవు దినములలో ఆకలిగొన్నవారికి పని కల్పించుచు కట్టించిరని ప్రసిద్ధి.

ఇచ్చి కట్టివేయువాడు వర్తకుడు. ఇచ్చి విడిచిపెట్టువాడు దాత. పుచ్చుకొన్నవాడు మన మాట వినవలెనని, మన మతములో చేరవలెనని, మనకు ఓటు వేయవలెనని ఇచ్చినది దానము కాదు, ఎర.

దానము కానివి

సంతోషమును పాడుచేయు పొరపాట్లు కొన్ని కలవు. వాటిని స్పష్టముగా చెప్పుట మేలు.

మొదటిది, చూపుల కొరకు ఇచ్చుట. పేరు చదువుదురని ఇచ్చినవానికి పేరు చదువబడును. అంతటితో అతని జీతము ముట్టినది. నేటి దినములలో చేతిఫోను ద్వారా కానుక పంపి ఆ రసీదును పదిమందికి చూపుటయు ఈ కోవలోనిదే.

రెండవది, లాభము కొరకు ఇచ్చుట. నూరు ఇచ్చినచో దేవుడు వేయి ఇచ్చునని బోధించువారు కలరు. అది విశ్వాసము కాదు, వడ్డీ వ్యాపారము. మాసిదోనియవారు ఇచ్చిన పిమ్మట ధనవంతులైరని పౌలు ఎచ్చటను వ్రాయలేదు.

మూడవది, అప్పు చేసి ఇచ్చుట, లేక తీర్చవలసిన బాకీ తీర్చక ఇచ్చుట. కూలివాని కూలి నిలిపి కానుక వేసినవాడు ఆ కూలివాని సొమ్మును వేసినవాడు. తలిదండ్రులకు చేయవలసినది దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొన్నవారిని ప్రభువు కఠినముగా గద్దించెను. తూము మూసి అలుగు పారించుట తగదు.

నాలుగవది, బలవంతమున ఇప్పించుట. ఇది ముఖ్యముగా సంఘ సేవకులకును మా ఉపాధ్యాయులకును చెప్పుచున్న మాట. ఇంటింటికి ఇంతయని జాబితా వేసి, ఇయ్యనివారిని సభలో సిగ్గుపరచినచో మనము దేవుని పేరిట వెట్టిని తిరిగి తెచ్చుచున్నాము. అరణ్యములో ప్రత్యక్ష గుడారము కట్టునప్పుడు ప్రజలు మనఃపూర్వకముగా తెచ్చిన కానుకలు చాలినంతకంటె ఎక్కువైనందున, ఇక తేవలదని మోషే చాటింపవలసి వచ్చెను. అట్టి చాటింపు మన సంఘములలో వినబడకపోవుటకు కారణము ప్రజల పిసినితనము మాత్రమేనా యని మనమును ఆలోచింపవలెను. పుచ్చుకొన్న ప్రతి పైసకు లెక్క చెప్పుటయు మన విధి. పౌలంతటివాడు ఆ చందా సొమ్మును ఒంటరిగా మోయక, సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంటబెట్టుకొనెను.

అభ్యాసము చేయు విధము

సంతోషముగా ఇచ్చుట ఒక్క దినమున వచ్చునది కాదు. చేతివ్రాతవలె అభ్యాసమున వచ్చును. తలిదండ్రులు నెల జీతము గాని పంట సొమ్ము గాని చేతికి వచ్చినప్పుడే, ఖర్చులకు ముందుగా, తమ శక్తికొలది ఒక భాగమును వేరుచేసి ఉంచవలెను. మిగిలినప్పుడు ఇత్తుమనువారికి ఎన్నడును మిగులదు. ఆ భాగమును ఎవరికి ఇయ్యవలెనో ఇంటిల్లిపాది కూర్చుండి మాటలాడుకొన్నచో పిల్లలు నేర్చుకొందురు.

విద్యార్థులారా, మాకు ధనము లేదనవద్దు. లెక్కలు రాని తోటివానికి సాయంకాలము అరగంట చెప్పుడు. మధ్యాహ్నము డబ్బా తేనివాని ప్రక్కన ఏమియు ఎరుగనట్లు కూర్చుండి మీ డబ్బా తెరువుడు. ముసలివారి కుండలో నీరు నింపుడు. వారమునకొక మేలు ఎవరికిని చెప్పక చేసి చూడుడు. దాని రుచి వేరు. క్రైస్తవులు కాని మా పిల్లలకు ఈ మాట పరాయిది కాదు. వారి యిండ్లలో చలివేంద్రము పెట్టు ధర్మమును, జకాతు చెల్లించు నియమమును వారెరుగుదురు.

ఇక, నాయనా, ఎఱ్ఱ కోడిపుంజు సంగతి. నీ ఏడ్పు తప్పు కాదు. వెల లేని దానిని దేవునికి అర్పింపనని దావీదు రాజు అరౌనాకు వెల చెల్లించి కళ్లమును కొనెను. నీకు ఏడ్పు వచ్చినదనగా మీ యింటినుండి పోయినది వెలగలదే. సంతోషము ఎల్లప్పుడు ముందుగా రాదు. విత్తువాడు గింజను మట్టిలో వేయునప్పుడు అతని గాదె తరుగును. మొలక కనబడిననాడు అతని ముఖము వికసించును. ఆ దినము మీ నాయన చర్చినుండి ఇంటికి వచ్చునప్పుడు ఎట్లు నడచినాడో జ్ఞాపకము తెచ్చుకొనుము. ఒకప్పుడు మన తాతల కోళ్లను అడుగకయే పట్టుకొనిపోయిరి. మీ నాయన దానిని తానే ఇచ్చినాడు. నీవును ఒకనాడు నీ చేతితో నీదైన దానిని ఇచ్చెదవు. అప్పుడు నీ ప్రశ్నకు జవాబు నాకంటె బాగుగా నీవే చెప్పగలవు.

తన్ను తానే మనకిచ్చుకొనిన ప్రభువు మన మూసిన చేతులను తెరచును గాక.